మిరియం చేసిన బోణీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతిదానికీ బేరం ఉండేది, ఒక్క బోణీకి తప్ప. హోంవర్క్ ముందా టీవీ ముందా అన్నదానికి బేరం. పాలు తాగడానికి బేరం. జ్వరం వచ్చినప్పుడు మాత్ర మింగడానికి కూడా ఏదో ఒకటి రాబట్టుకోకుండా నేను నోరు తెరిచేదాన్ని కాదు. తెనాలిలో మా వాళ్ళది కిరాణా కొట్టు. అక్కడి నుంచి ఇంగ్లండులో లీడ్స్ ఊరి శివార్లకు వచ్చి పెట్టుకున్నదీ కొట్టే. కింద కొట్టు, పైన ఇల్లు. అమ్మ ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో షిఫ్టుల ప్రకారం పనికి వెళ్ళేది, నాన్న సరుకు కోసం వ్యాన్ వేసుకుని తిరిగేవాడు. గల్లా దగ్గర మాత్రం ఎప్పుడూ మా పెద్దమ్మే. అమ్మకి సొంత అక్క, మాతోనే ఉండేది.

పెద్దమ్మతో బేరమాడి గెలిచినవాళ్ళు ఆ వీధిలో లేరు. కానీ పొద్దున్నే తలుపు తీశాక వచ్చే మొదటి మనిషి దగ్గర ఆవిడ వేరే మనిషైపోయేది. వాళ్ళు చిల్లర కోసం వచ్చినా సరే, ఒక అగ్గిపెట్టో, చూయింగ్ గమ్మో చేతిలో పెట్టి, వాళ్ళిచ్చిందే తీసుకుని కళ్ళకద్దుకుని గల్లాలో వేసేది. పొద్దున్నే పేపర్ కొనే తాతలకు ఇది అలవాటైపోయింది. కొందరు ఆవిడ కళ్ళకద్దుకోవడం చూడ్డానికే ముందుగా వచ్చేవాళ్ళని నా అనుమానం.

బస్సు ఆఖరి స్టాపు దాటి కొండ మీదికి కొంచెం నడిస్తే ఒక గుర్రపుశాల ఉండేది. దాన్ని నడిపే ఇంగ్లీషావిడ మా కొట్టుకు బిస్కెట్ల కోసం వచ్చేది. పొడుగ్గా, ఎండుగా, ఎప్పుడూ గడ్డి వాసన వేస్తూ ఉండేది. వంకర టింకరగా ఉండి ఎవరూ కొనని క్యారెట్లనూ, దెబ్బ తగిలిన ఆపిల్సునూ ఆవిడ ఒకరోజు ఆశగా చూడటం పెద్దమ్మ కంటపడింది. ఇంకేముంది, శనివారం శనివారం ఒక సంచీడు క్యారెట్లు అటు, నాకొక గంట గుర్రపు స్వారీ ఇటు. పెద్దమ్మకి గుర్రాలంటే భయం. తెనాలిలో జట్కా ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేదట. అయినా అమ్ముడుపోని సరుకుకి అంత ధర పలికితే వదులుకునే మనిషి కాదు.

నాకు దొరికిన గుర్రం పేరు పెప్పర్. నల్లగా, పొట్టిగా, ముక్కు మీద కోపంతో ఉండేది. అంత ఘాటైనదాన్ని ఇంగ్లీషులో పిలవడం నా వల్ల కాదని పెద్దమ్మ మిరియం అనేది, ఇంట్లో అందరికీ అదే పేరు నిలిచిపోయింది. వేసవి అంతా కిందా మీదా పడి, ఆకులు రాలే నాటికి మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను మడమ తాకిస్తే అది హాయిగా దౌడు తీసేది. నేను పగ్గం బిగిస్తే ఆగేది.

తర్వాత చలికాలం వచ్చింది. నేల గడ్డకట్టి, నాలుక్కల్లా చీకటి పడుతుంటే పిల్లల్ని ఎక్కించడం కుదరదని గుర్రాలకు లాడాలు తీసేసి కొండ మీది మేత పొలంలోకి వదిలేశారు. అక్కడ వాటికి పనీ లేదు, జీనూ లేదు. రాత్రి మంచు పడితే నేను కిటికీలోంచి చూసి, మిరియం నా కోసం ఎదురుచూస్తూ ఉంటుందని బెంగపెట్టుకునేదాన్ని.

మార్చి నెలలో గుర్రాలావిడ కొట్టుకొచ్చి, శనివారం నుంచి మళ్ళీ మొదలని చెప్పింది. కానీ ఒక మెలిక పెట్టింది. చలికాలమంతా ఖాళీగా తిన్న గుర్రాలు ఒళ్ళంతా నిప్పులా తిరిగొస్తాయట. మిరియం మరీనట. మొదటిరోజు నాకు లొంగకపోతే దాన్ని ఇంకో పెద్దపిల్లకి ఇస్తానని, నన్ను మళ్ళీ నేను మొదట్లో నేర్చుకున్న ముసలి గుర్రం మీదికి ఎక్కిస్తానని అంది. ఆ ముసలిది అడుగడుక్కీ ఆగి గడ్డి తినేది. ఒక్క శనివారం కాదు, నాలుగు చూడమని అడిగాను. ఆవిడ నవ్వి, అక్కడివాళ్ళు అందరినీ పిలిచినట్టే, చూద్దాం లవ్, అని బిస్కెట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ శనివారం నాన్నకి వ్యాన్ ఖాళీ లేక పెద్దమ్మే నన్ను బస్సులో తీసుకెళ్ళింది. చీర మీద స్వెట్టరు, దాని మీద కోటు, నెత్తిన ఉన్ని టోపీ, కాళ్ళకి బూట్లు, చేతిలో క్యారెట్ల సంచీ. కంచెకి బాగా ఇవతలే నిలబడింది.

మిరియాన్ని తీసుకొచ్చారు. ఒంటి మీద ఎలుగుబంటికి ఉన్నట్టు బొచ్చు. పొట్ట గుండ్రంగా పెరిగింది. అది నన్ను గుర్తుపట్టలేదు, గుర్తుపడితే నా జేబునే గుర్తుపట్టి ఉండాలి, ఎందుకంటే మూతి నేరుగా అక్కడే పెట్టింది.

బస్సులోనే నేనొక పథకం వేసుకున్నాను. బేరమంటే ముందు బాగా ఎక్కువ అడగాలి, అవతలివాళ్ళు గింజుకుంటే కొంచెం కొంచెం దిగిరావాలి. అందుకని మొదటే దౌడు అడుగుదాం, అదివ్వకపోతే చిన్న పరుగు, అదీ కాకపోతే నడక దగ్గర తెగుతుంది అనుకున్నాను. హెల్మెట్ బిగించి, ఎక్కి కూర్చుని, మడమలు గట్టిగా తాకించాను.

మిరియం బేరమాడలేదు. నేను అడిగినదానికి నాలుగింతలు ఇచ్చింది. నాకు గాలి, జూలు, ఆకాశం, మళ్ళీ జూలు మాత్రమే గుర్తున్నాయి. వెనక కాళ్ళు రెండూ ఎత్తి ఒకసారి విసిరింది కూడా. గుర్రాలావిడ అడ్డంగా వచ్చి కళ్ళెం పట్టుకునేసరికి నేను దాని మెడకి వేలాడుతున్నాను.

తక్కువ అడుగు, తక్కువ అడుగు అని ఆవిడ చెబుతూనే ఉంది. అవతలి పక్షంవాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు కదా అని నేను పట్టించుకోలేదు. కిందికి దిగి జేబులోని క్యారెట్లతో ప్రయత్నించాను. ఒకటి చూపించి, నిలబడితే ఇస్తానన్నాను. అది నిలబడకుండానే తీసుకుంది. ఇంకోటి చూపిస్తే దాన్నీ తిని నన్ను భుజంతో నెట్టి జేబు వెతుక్కుంది. జేబు ఖాళీ అయ్యేసరికి నా దగ్గర సరుకూ లేదు, గుర్రమూ లేదు. ఎక్కబోతే పక్కకి పక్కకి జరిగిపోతోంది.

గుర్రాలావిడ, ఇంకొక్కసారి చూద్దాం, కాకపోతే లోపల కట్టేద్దాం, అంది మెల్లగా. ఆ మాట అర్థం నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

అప్పుడు పెద్దమ్మ కంచె దగ్గరికి రెండడుగులు వేసి, తన కొట్టు ఇంగ్లీషులో ఆవిడని అడిగింది, చలికాలం తర్వాత దీని మీద మనిషి ఎక్కడం ఇవాళే మొదలా అని. ఆవిడ అవునంది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"అమ్మడూ, అయితే నీకివాళ కొట్టు తెరిచిన పూటే. బోణీ అడగవే. అదేమిస్తే అది కళ్ళకద్దుకో."

గుర్రం దగ్గర నాకు కొట్టేమిటని నేను ఇంగ్లీషులోనే కస్సుమన్నాను.

"లేకపోతే నీ జేబులో సరుకంతా ఎవరు కొన్నారు?" అంది.

మళ్ళీ ఎక్కాను. ఈసారి నాకొక వింత ప్రశ్న పుట్టింది. అసలిది ఏమివ్వడానికి సిద్ధంగా ఉంది? కిందటి వేసవి నుంచి దాని మీద తిరిగినా ఆ మాట ఎన్నడూ అనుకోలేదు, నాకేం కావాలో అదే చూసుకున్నాను. పగ్గాలు కొంచెం వదిలి చెవుల వైపు చూశాను. ఒక చెవి నా వైపు, ఒక చెవి మూలనున్న నీళ్ళ తొట్టి వైపు ఉన్నాయి. సరే, తొట్టి దాకా నడువు, అక్కడ ఆగు, ఇంకేం వద్దు అనుకుని కాళ్ళు వదులు చేశాను.

మిరియం నడిచింది. తొట్టి దగ్గర ఆగింది. నేను చెప్పకపోయినా అక్కడే ఆగేదని తెలుసు, అయినా ఆగమన్నది నేనే కదా అని పగ్గం వదిలి మెడ నిమిరాను. అది తల కిందికి దించి, ముక్కులోంచి పొడుగ్గా ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో నా మోకాళ్ళ కింద దాని ఒళ్ళంతా మెత్తబడటం తెలిసింది. చలికాలం దాని లోపల బిగుసుకున్నదేదో అప్పుడు కరిగిందని నాకనిపించింది.

వెంటనే నాకు ఆశ పుట్టింది. పగ్గాలు దగ్గరికి తీసి పరుగు అడగబోయాను.

"దిగు," అంది పెద్దమ్మ.

ఇప్పుడే కదా మొదలైంది అన్నాను. ఇంకా అరగంట ఉంది. ఆ క్యారెట్లు బస్సు స్టాపు దాకా మోసింది నేను.

"బోణీ అయ్యిందే. దిగు."

న్యాయం చేయమని గుర్రాలావిడ వైపు చూశాను. ఆవిడ అప్పటికే కళ్ళెం పట్టుకోవడానికి వస్తోంది. మీ ఆంటీ చెప్పింది నిజం లవ్, ఇవాళ్టికిది చాలు, అంది. దిగాను. అంత కోపంగా నేను ఇంతవరకూ ఏ గుర్రమూ దిగలేదు.

నా స్వెట్టరు నిండా మిరియం రాల్చిన చలికాలపు బొచ్చు. పెద్దమ్మ అందులోంచి ఒక చిన్న పాయ తీసి, గల్లా ముందు చేసినట్టే కళ్ళకద్దుకుంది. తర్వాత ముక్కు చిట్లించి, ఛీ, ఏం వాసనే, అని కోటుకి చెయ్యి తుడుచుకుంది. గుర్రాలావిడ ఆ రెండింటినీ నోరు తెరుచుకుని చూసి, వచ్చే శనివారం కూడా పెప్పరే నీకు, అంది. వేసవంతా అని మాటివ్వమని నేను అడగబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి గిల్లింది.

బస్సులో అడిగాను, బోణీకి ఎందుకు బేరమాడకూడదని. పెద్దమ్మ ఖాళీ సంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఏమోనే. మొదటొచ్చినవాళ్ళు వట్టిచేతుల్తో పోతే రోజంతా నాకే బావుండదు," అంది. అంతకంటే పెద్ద కారణం ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. తర్వాతి వారం తొట్టి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. ఆ తర్వాత పరుగు. వేసవికి మిరియం, నేనూ కొండ మీద దౌడు తీస్తుంటే పెద్దమ్మ కంచె అవతల కళ్ళు మూసుకుని నిలబడేది.

ఇప్పుడు నేనూ వ్యాపారంలోనే ఉన్నాను. బేరంలో నన్ను చూస్తే సరుకువాళ్ళు నిట్టూరుస్తారు, అది నాకు లోపల గర్వంగానే ఉంటుంది. కానీ మధ్యలో ఆగిపోయిన దేని దగ్గరికి తిరిగి వెళ్ళినా, మాటలు మానేసిన స్నేహితురాలైనా, మూతపడిన పనైనా, మొదటిరోజు నేను బేరమాడను. అదేమివ్వగలదో చూసి, అంతే తీసుకుని వచ్చేస్తాను.

మొన్నటి చలికాలం పెద్దమ్మ తుంటి విరిగి, పెళ్ళై లండన్‌లో స్టాన్‌మోర్‌లో స్థిరపడిన కూతురింట్లో మంచం మీదే గడిపింది. ఎండ పడ్డాక, నడవచ్చని డాక్టర్లు చెప్పిన వారం నేను వెళ్ళాను. వాకర్ పట్టుకుని లేచి కిటికీ దాకా నడిచింది. వెలుగు చూసింది. ఆ వెంటనే చూపు వంటింటి వైపు మళ్ళింది, అక్కడ కూతురు నూనె ఎంత పోస్తోందో చూడాలని. నేను కుర్చీ తెచ్చి వెనక వేశాను.

"కూర్చో పెద్దమ్మా. బోణీ అయ్యింది."

ఆనాడు దిగమన్నప్పుడు గుర్రం మీది నుంచి నేను చూసిన చూపే ఆవిడ నన్ను చూసింది. వంటింటి దాకా పోనియ్యమంది. పోనీ గుమ్మం దాకా అంది. కనీసం సోఫా దాకా అంది. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. చివరికి కూర్చుంది. తల దించుకుని, ముక్కులోంచి పొడుగ్గా ఊపిరి వదిలింది. అచ్చం మిరియంలా ఉందని మాత్రం ఆవిడ ముఖం మీద అనే ధైర్యం నాకు లేకపోయింది.