టీ పాలు పెట్టరాదు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాన్పుల ఆసుపత్రిలో నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్ని. ఇన్‌ఛార్జ్ అంటే వార్డులో ఏది తప్పినా తిట్లు తినేది, తిరిగి తిట్టేది కూడా. రెండో పనిలో నాకు మంచి పేరుంది.

షాహీన్ అనే నర్సు కాన్పు సెలవు ముగించుకొని జమ్మలమడుగు నుంచి బస్సులో డ్యూటీకి రావడం మొదలుపెట్టింది. మూణ్నెల్ల బిడ్డను వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చేది. పనిమంతురాలే, కానీ రోజూ పదకొండు గంటలకు పావుగంట మాయం. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోరోజు సెలైన్ అయిపోయి పేషెంట్ బెల్లు మీద బెల్లు కొడుతుంటే ఈ పిల్ల లేదు. ఒళ్లు మండిపోయి వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాను. కరివేపాకు చెట్టు మొదట్లో స్టీలు గ్లాసు వంచుతోంది.

“ఏంది పాపా, ఆడ పేషెంట్ అరుస్తాంటే ఈడ చెట్టుకు నీళ్లు పోస్తాండావా?”

“నీళ్లు కాదక్కా, పాలు. గడ్డకట్టి శానా సలుపుతాంటే బాత్రూములో పిండుకొచ్చినా. తొక్కేచోట పోయొద్దు, చెట్టుకు పోయమనింది మాయమ్మ.”

నాకింకా చిరాకెత్తింది. ఎక్స్‌ప్రెస్డ్ మిల్క్, అంటే పిండిన తల్లిపాలు, ఎలా దాచాలో వార్డులో బాలింతలకు నేర్పేది ఈ పిల్లే! “పారబోసేదేందే? దాచి బిడ్డకు తీసకపో!”

“యాడ దాచాల? వచ్చిన మొదటిరోజు ఫ్రిజ్‌లో పెడితే మీరే కదక్కా పారబోసినారు. చెప్పేదానికి నాకు నోరు రాలే. బిడ్డకు డబ్బాపాలే గతి అయినాయి. రేపట్నుంచి నేను రానక్కా.” కళ్లు తుడుచుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. వ్యాక్సిన్ల ఫ్రిజ్‌లో చిన్న సీసా కనబడితే వార్డు ఊడ్చే ఆయమ్మ పెట్టుకున్న టీ పాలనుకొని సింకులో ఒంపేశాను. “టీ పాలు పెట్టరాదు” అని ఎర్ర స్కెచ్‌తో చీటీ రాసి అతికించిందీ నేనే. ఇరవై ఏళ్లుగా కాన్పులు చూస్తున్నదాన్ని, తల్లిపాలు గుర్తుపట్టలేకపోయాను. ఛీ, నా బతుక్కి!

వ్యాక్సిన్ల మధ్య పాలు పెట్టకూడదన్నది నిజమే. కానీ డాక్టర్ల గదిలో కూల్‌డ్రింకులకు ఒక ఫ్రిజ్ ఉంది కదా! మేనేజర్ని అడిగితే నసిగాడు. “ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు మేడం.”

“అడగనీ అప్పా! ఇది కాన్పుల ఆసుపత్రి, సిమెంటు ఫ్యాక్టరీ కాదు. పాలు పెట్టుకునేదానికి జాగా ల్యాకుంటే గోడల మీద ఆ తల్లిపాల బొమ్మలెందుకు? పీకెయ్!”

ఆయన బొమ్మలు పీకలేదు. ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయించాడు. షాహీన్ మానలేదు. ఆ అర మీద చీటీ మాత్రం తనే అతికించింది: “ఇవి టీ పాలు కాదక్కా.” వార్డంతా నవ్వింది.

ఇప్పుడు కాన్పు సెలవు ముగించుకొని ఎవరొచ్చినా డ్యూటీ చార్టు తర్వాతే ఇస్తాను. ముందు అడిగేది ఒక్కటే: “పాలు యాడ పెడతావు పాపా?”