మునిరాజప్ప ముట్టని కొంగు

కొత్త పట్టుచీరకు ఇస్త్రీపెట్టె ఆవిరి తగిలినప్పుడు ఒక వాసన లేస్తుంది. ఈ ఉదయం హోసూరులోని నా చిన్న స్టూడియోలో ఆ వాసన రాగానే చేతిలో పని ఆగిపోయింది. కళ్లముందు బాగలూరు గులాబీ తోట, ప్లాస్టిక్ పైకప్పు కింద పాలలాంటి వెలుతురు, ఆ కప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలే మంచునీరు. వాటి మధ్య మెడలో కెమెరాతో ఫొటోగ్రాఫర్ మునిరాజప్ప.

పదేళ్ల కిందట నేను బట్టల దుకాణాల ప్రకటనలకు మోడల్‌ని. ఫొటోలు తీసేవాళ్లు నా గడ్డం పట్టుకుని తిప్పేవారు, నడుం దగ్గర కుచ్చిళ్లు వాళ్లే సర్దేవారు. నేనూ దుకాణంలో బొమ్మా ఒకటే వాళ్లకు. ఎదురు చెబితే మళ్లీ పిలవరని నోరు మెదిపేదాన్ని కాదు. ఇదే ఆఖరు, ఈ పని మానేద్దామనుకుంటూ ఆ రోజు ఒక పట్టుచీరల దుకాణం ప్రకటన కోసం బాగలూరు వెళ్లాను.

మునిరాజప్ప నన్ను ముట్టనే లేదు. కొంగు ఎలా పడాలో చూపడానికి తన తువ్వాలునే కొంగులా వేసుకుని, అంత మీసాలతో నడుం వంచి నిలబడ్డాడు. పూలు కోసే ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయనకు సిగ్గూ లేదు ఎగ్గూ లేదు. నాకూ నవ్వొచ్చింది. ఫొటోలో పడింది ఆ నవ్వే.

మధ్యాహ్నం దుకాణం యజమాని కృష్ణగిరి నుంచి వచ్చాడు. కొంగు ఇంకాస్త జారిస్తే బాగుంటుందన్నాడు. మునిరాజప్ప నా వైపు తిరిగి, నీకు సమ్మతమేనా అని అడిగాడు. అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. వద్దనాలి. కానీ తల వంచుకుని ఉండిపోయాను. వద్దనలేదు కదా, కానివ్వమన్నాడు యజమాని.

మునిరాజప్ప లెన్సుకు మూత పెట్టేశాడు.

"ఆయమ్మ సరే అనలేదప్పా. అనేదాకా వద్దన్నట్టే. నేను తీయను."

యజమాని విసవిసా వెళ్లిపోయాడు. ఆ దుకాణం మళ్లీ ఆయన్ని పిలవలేదు. అంతా నా వల్లేనని ఏడ్చాను.

"నువ్వేం చేసినావమ్మా? నా పని నేను చేసినాను," అన్నాడు.

నేను మోడలింగ్ మానలేదు. తర్వాత ఆయన దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్నాను. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆయన మీద బెంగే.

ఇవాళ మధ్యాహ్నం మత్తూరు నుంచి ఒక కొత్త మోడల్ అమ్మాయి వచ్చింది. ఫొటో తీయబోతుంటే ఆమె నుదుటి మీద వెంట్రుక పడింది. సర్దుదామని, నేనూ ఆడదాన్నే కదా అన్న ధీమాతో చెయ్యి చాపాను. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అడగకుండా చెయ్యి చాపినాను. తప్పైపోయిందమ్మా," అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది. "వెంట్రుక అట్లే ఉండనీ అక్కా," అంది.

అలాగే తీశాను.