ఎనభై కేజీలని చెప్పి ఎమ్మిగనూరు వెళ్లాను

నా కుడిచెయ్యి భుజం ఎత్తుకు మించి లేవడం మానేసి నాలుగు నెలలైంది. గుంతకల్లులో జాకెట్లు కుట్టి బతికేదాన్ని నేను. కత్తెర పట్టే చెయ్యే మొండికేస్తే ఏం చేసేది? పెళ్లిళ్ల రోజులు దగ్గర పడుతున్నాయి, గుడ్డలేమో మూటలు మూటలుగా పేరుకుపోతున్నాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకలో ఏమీ లేదమ్మా, భుజం బిగుసుకుపోయింది. వ్యాయామం చెయ్యండి, కావాలంటే మెల్లగా మాలీషు కూడా చేయించుకోండి" అన్నాడు.

మాలీషు నాకు కొత్త కాదు. మా వీధి ఓబుళమ్మ నా కాన్పు నాటి నుంచి ఇరవై రెండేళ్లు నా ఒంటికి నూనె పట్టించింది. నేను లావెక్కడం అంతా ఆమె చేతుల కిందే జరిగింది, అందుకే ఆమె దగ్గర నాకు సిగ్గు లేదు. పోయిన ఏడాది ఆమె కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయింది. కొత్త మనిషి ముందు జాకెట్టు విప్పి పడుకోవాలంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టే.

ఒకసారి ధైర్యం చేసి మా ఊళ్లోనే ఒక పార్లరుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి నన్ను చూసింది, ఇనుప కాళ్ల సన్నటి బల్లను చూసింది, మళ్లీ నన్ను చూసింది. "మేడమ్, మీరు కుర్చీలోనే కూర్చోండి, మెడ వరకు చేస్తాం" అంది. తప్పు ఆ పిల్లది కాదు, బల్లది కూడా కాదు. అయినా ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తర్వాత నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె ఎమ్మిగనూరు ఈరమ్మ గురించి చెప్పింది. ఆడవాళ్లకే చేస్తుందట, చెయ్యి మంచిదట. ఫోన్ చేశాను.

"యాడి నుంచమ్మా?"

"గుంతకల్లు."

"నొప్పి యాడ?"

"కుడి భుజం."

"బరువెంత ఉండావు?"

ఎందుకు అడుగుతోంది? బల్ల కోసమా, మంచం కోసమా? నిజం చెబితే రావద్దంటుందేమో. "ఎనభై" అన్నాను. నా అసలు బరువు నూట పన్నెండు.

"సరే. గురువారం పదకొండుకు రా. పొద్దున్నే తినెయ్. పాత సీర ఒకటి తెచ్చుకో" అని పెట్టేసింది. మా ఆయన తోడొస్తానంటే వద్దన్నాను. మంచం విరిగితే చూడ్డానికి సాక్షులెందుకు?

గురువారం ఉదయం ఏడుంబావుకు గుంతకల్లు స్టేషన్‌లో రాయచూరు వైపు వెళ్లే రైలెక్కాను. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ముగ్గురు కూర్చునే సీటులో నేనుంటే మూడో మనిషి నిలబడి ఆలోచిస్తుంది, అది నాకు అలవాటే. గోడకు అతుక్కుపోయి, చేతులు ఒళ్లో ముడుచుకుని, ఊపిరి కూడా సగమే పీల్చుకుంటూ కూర్చున్నాను.

ఎదురు సీట్లో ఎర్రగడ్డల సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్న ఒకామె నన్ను చాలాసేపు జాలిగా చూసింది. "ఏమ్మా, థైరాయిడా?" అంది.

"కాదక్కా, తిండి" అన్నాను.

"అయితే మంచిదేలే, మందుల తిప్పలు లేవు" అని తృప్తిగా తల ఊపింది. ఆస్పరి స్టేషన్ దాటేదాకా మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కిటికీ బయట నల్లరేగడి, ఆకు ఎండి తెల్లగా విచ్చుకున్న పత్తి, అక్కడక్కడ వంగి తీస్తున్న ఆడవాళ్లు. రైలు మాత్రం పెద్దగా తొందరపడలేదు.

ఎనిమిదిన్నరకు ఆదోని. స్టేషన్ నుంచి బస్టాండుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆదోనికి వెళ్లి ఉగ్గాని తినకుండా వచ్చేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. బొరుగులు మరీ నాననియ్యకుండా, పసుపు తక్కువ, పుట్నాల పొడి ఎక్కువ వేసి, పైన పచ్చి ఎర్రగడ్డ చల్లి ఇస్తారు. రెండో ప్లేటు అడగాలనిపించింది. పక్క బల్ల దగ్గరున్నవాళ్లు చూస్తారని అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ప్లేటు మీద నాకింకా బెంగే.

తొమ్మిదింబావుకు ఎమ్మిగనూరు బస్సు. ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. నా పక్కన ఆదోని మెహరున్నీసా అనే పెద్దామె కూర్చుంది, చెల్లెలింటికి పోతోందట. మా మధ్య ఆమె డబ్బా ఒకటి ఇరుక్కుంది.

"యాడికి పోతాండారమ్మా?" అంది.

ఈరమ్మ దగ్గరికని చెప్పాను.

"అరె, ఈరమ్మ కాడికా! మా అత్తకు నడుం పట్టేస్తే ఆమే తీసింది. మాట కొంచెం కరుకు, చెయ్యి మాత్రం బంగారం. ఆమె కాడ మంచం గించం ఏం ఉండదు."

"మంచం లేకుంటే ఎట్లా చేస్తుంది?"

"అది సెప్తే తెలీదు. పోయి చూడండి" అని నవ్వి, డబ్బా తీసి నాకో ఖర్జూరం పెట్టింది. మంచం లేకుంటే ఒళ్లో పడుకోబెట్టుకుంటుందా ఏంది, ఆ మనిషి బతికి బట్టకట్టొద్దా అనుకున్నాను. దారి పొడుగునా పత్తి లారీలు ఆదోని మార్కెట్టుకు ఎదురొస్తుంటే వాటిని లెక్కపెడుతూ భయం మరిచిపోవాలని చూశాను.

పదింబావుకు ఎమ్మిగనూరులో దిగాను. నేతగాళ్ల వీధికని ఆటో ఎక్కితే పది నిమిషాలు. ఒకప్పుడు ఆ వీధిలో అడుగు పెడితే ఇంటింటా మగ్గం చప్పుడేనట, ఇప్పుడు నాకు వినపడింది రెండు మూడే. ఈరమ్మ ఇల్లు నీలంరంగు తలుపులది. తలుపు తీసింది ఈరమ్మే. అరవై దాటి ఉంటాయి, నలభై కేజీలుంటే గొప్ప. చీర కొంగు బొడ్లో దోపుకుని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గుంతకల్లు భుజమా?" అంది.

"అవునమ్మా. మీకు ఈరోజు పని ఉందేమో, నేను ఇంకోరోజు వస్తాలే" అన్నాను. అప్పటికే వెనక్కి తిరుగుతున్నాను.

"ఇంత దూరం వచ్చి వాకిలి సూసి పోతావా? నూనె కాంచి పెట్టినాను. రా లోపలికి" అంది. ఆ గొంతుకు ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో ఉండరు.

లోపలి గదిలో నేను మంచం కోసం వెతికాను. లేదు. బల్ల లేదు. గది మధ్యలో నేలలో ఒక గుంత ఉంది, నున్నగా గచ్చు చేసిన అంచులతో. దాని పక్కన చాప, చాప మీద మెత్తటి బొంత. నాకు అర్థం కాక నిలబడ్డాను.

"మగ్గం గుంతమ్మా ఇది. మా ఆయన ఇందులో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏండ్లు సీరలు నేసినాడు. ఆయన పోయినాక మగ్గం ఇప్పేసినాం. గుంత పూడ్సేస్తామని నా కొడుకు సిమెంటు తెచ్చినాడు. నేను వద్దన్యా. నడుం లోతు తవ్వించుకున్యా" అని చెబుతూనే ఆ గుంతలోకి దిగి నిలబడింది. నేల ఆమె నడుం ఎత్తుకు వచ్చింది. "నువ్వు ఈ అంచున పడుకుంటావు, నేను ఈడ నిలబడి సేస్తాను. నాకు వంగే పని లేదు."

నేను ఆ బొంత వైపు చూశాను. "నేలేనా?"

"నేలే. మంచాలు ఇరుగుతాయి, నేల యాడ ఇరుగుతాది?" అంది.

నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. వారం రోజులుగా నిద్రలో కూడా ఏవో కర్రలు విరుగుతున్న చప్పుడు వింటున్నాను. ఇక్కడ విరగడానికే ఏమీ లేదు! గుడ్డలు మార్చుకునే మూల చూపించి ఆమె అటు తిరిగింది. జాకెట్టు విప్పి, మడిచి పక్కన పెట్టాను. పాత చీర చుట్టుకుని బోర్లా పడుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"జాకెట్టు ఎవురు కుట్టినారమ్మా? ఉక్సులు బలే కుట్టినారు" అంది, మడిచి పెట్టిన నా జాకెట్టు చూసి.

"నేనే."

"ఓహో, పనిమంతురాలివే!" అంది. ఒళ్లంతా ఎదురుగా పరుచుకుని ఉంటే ఈ మనిషి నా కుట్టు చూస్తోందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

నువ్వుల నూనెలో వాము, వెల్లుల్లి వేసి కాంచిన వాసన. ఆ చిన్న చేతుల బలం చూస్తే నమ్మలేరు. బొటనవేళ్లు రెక్క ఎముక కింద దూరి ముడి ఎక్కడుందో వెతికి పట్టుకున్నాయి. "అమ్మా!" అన్నాను. "అను, అను, గట్టిగా అను, పక్కింటోళ్లకు అలవాటే" అంది. మెడ అయింది, కుడి భుజం అయింది, వీపు సగం అయింది. అక్కడ చేతులు ఆగిపోయాయి. గిన్నె గోకిన చప్పుడు వినపడింది.

"ఏమమ్మా, నూనె అయిపోయె."

"వీపు సగమే అయింది కదా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"నేను మనిసి బరువును బట్టి నూనె కాంచుతాను. ఎనబై కేజీల మనిసికి కాంచిన నూనె ఇది. యాబై ఏండ్లు రాలేదు నీకు, లెక్క మరిసిపోయినావా? నిజం సెప్పు, ఎంత?"

బొంతలోకి మొహం దాచుకుని, "నూట పన్నెండు" అన్నాను.

గిన్నె పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మరి ముప్పై రెండు కేజీల మనిసిని గుంతకల్లులో ఇడిసిపెట్టి వస్తివా?" అంది.

అంతే, నాకు నవ్వు పొంగుకొచ్చింది. నేను నవ్వితే మామూలుగా ఉండదు, ఒళ్లంతా నవ్వుతుంది. ఎప్పుడూ దాన్ని చెంగుతో దాచుకునేదాన్ని, బోర్లా పడుకున్నాక దాచేదేముంది? ఈరమ్మ కూడా గుంత అంచు పట్టుకుని నవ్వింది.

మళ్లీ నూనె కాంచడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను అట్లాగే పడుకుని ఉన్నాను, ఆమె వంటింట్లోంచి మాట్లాడుతూనే ఉంది. "సన్నగుండేటోళ్లు పెంచి సెప్తారు, లావుండేటోళ్లు దించి సెప్తారు. నాకేమమ్మా? ఎవురు ఎంతుంటే నాకెందుకు? నూనె లెక్క తప్పుతాది, అదొక్కటే నాకు బాద."

ఆ మాటకు నాకు నా దుకాణం గుర్తొచ్చింది. ఛాతీ కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాళ్లు ఎంతమందో! "ఊపిరి వదలక్కా, జాకెట్టు నువ్వు తొడుక్కోవాలా, నేనా?" అని వాళ్లను కసురుతాను. కొలత అంటే నాకు గుడ్డ ఎంత కత్తిరించాలో చెప్పేది మాత్రమే. ఈమెకు నా బరువు కూడా అంతే. ఇది నా బుర్రకు నలభై ఏడేళ్లకు ఎక్కింది.

రెండో విడత నూనెతో పని పూర్తయ్యేసరికి ఒంటిగంట అయింది. లేచి కూర్చోబెట్టి, మోచెయ్యి కింద ఆమె చెయ్యి పెట్టి మెల్లగా పైకి నడిపించింది. భుజం దాటింది, చెవి దాకా వచ్చింది. నాలుగు నెలల తర్వాత! నొప్పి ఉంది, కళ్లలో నీళ్లూ ఉన్నాయి, అవి నొప్పివి మాత్రం కావు. "ఇంగా మూడుసార్లు రావాల. ఒక్క రోజుతో అయ్యేది కాదు" అంది. మీలో ఎవరైనా వెళ్లేట్టయితే ముందు ఫోన్ చేసుకోండి, ఇచ్చేది మూడు వందలు, ఆదివారం చెయ్యదు. బరువు అడిగితే ఉన్నది చెప్పండి.

జొన్నరొట్టె, వెర్రినువ్వులతో కొట్టిన గురెళ్ల కారం, పెరుగు పెట్టింది. రెండు తిని చాలన్నాను. "ఇంగొకటి తిను, మొహమాటం నాకాడ సెల్లదు" అని పళ్లెంలో వేసింది. వేడిగా ఉంది, పొంగి ఉంది. తిన్నాను.

రెండున్నర బస్సుకు ఆదోని వచ్చి, నాలుగున్నరకు గుంతకల్లు వైపు రైలెక్కాను. పెట్టె సగం నిండింది. ఈసారి సీటులో గోడకు అతుక్కోలేదు, ఒళ్లు ఎంత ఉంటే అంత కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి ఒక ముసలామె వచ్చి పక్కన చతికిలబడింది. హొళగుంద వైపు మనిషట, మాటల్లో సగం కన్నడం. అనంతపురంలో కూతురింటికి పోతోంది, పొద్దున్నుంచి ప్రయాణంలోనే ఉందట.

"నూనె వాసన బలే ఉండాదమ్మా" అంది. ఆ తర్వాత రెండు మాటలు కూడా అనకుండానే నిద్రపోయింది. తల ముందు ఊగింది, తర్వాత వచ్చి నా ఎడమ భుజం మీద వాలింది. మామూలుగా అయితే నేను జరుగుతాను, ఎదుటివాళ్లకు ఇబ్బందేమోనని. జరగలేదు. ఆమెకు నిద్ర చెదరకుండా చెయ్యి కొంచెం వెనక్కి పెట్టి, ఆమె ఒదిగేందుకు వీలు చేశాను. ఆస్పరిలో రైలు కుదుపుతో ఆగినా ఆమె లేవలేదు. సన్నగా గురక పెట్టింది. బయట పొద్దు వాలుతూ పత్తిచేల మీద ఎర్రటి వెలుగు పడుతోంది.

గుంతకల్లు వస్తుంటే ఆమె భుజం తట్టి, "అమ్మా, నేను దిగాల" అన్నాను.

కళ్లు తెరిచి చుట్టూ చూసింది. నోరు తుడుచుకుంది. "అప్పుడే దిగుతావా?" అంది, నిజంగానే దిగులుగా. "ఇంగా కాసేపు కూసోరాదా తల్లీ. నీ పక్కన బలే నిద్ర పట్టినాది."

ఇన్నేళ్లలో నేను సీటులోంచి లేస్తుంటే పక్కవాళ్లు హమ్మయ్య అనుకుని సర్దుకోవడమే చూశాను. ఇంకాసేపు కూర్చోమన్న మనిషి ఆమె ఒక్కతే. ప్లాట్‌ఫాం మీద దిగి, రైలు కదిలేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడ్డాను.