గొట్టాలక్క చేతి మందు

మా వదినను ఆస్పత్రిలో అందరూ గొట్టాలక్క అంటారు. ఇంటెన్సివ్ కేర్‌లో ఇరవై ఆరేళ్ళుగా నర్సు. రోగి నరంలోకి పెట్టిన గొట్టం తన చేతిలో ఒక్కసారి కూడా మూసుకుపోలేదని ఆమె గొప్ప. ఆ గొప్పను రోజూ అన్నంతో పాటు మాకు వడ్డించేది. కింది అంతస్తులో రక్తపరీక్షలు చేసే నాకు ఒళ్ళు మండేది. నన్నెవరు పొగిడారు గనక!

ఆ వారం ఒక దర్జీ ఆవిడ గుండె ఆపరేషనై అక్కడ పడుకుంది. ఆరో రోజున ఆమె ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేల నుంచి తొంభై వేలకు పడిపోయాయి. మిషన్‌ను నమ్మక స్లైడు మీద నేనే లెక్కపెట్టాను. నిజమే. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి. ఆవిడకేమో ఎడమ కాలిలో గడ్డకట్టింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారినే కొందరి ఒంట్లో ఇలా ఎదురు తిరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. అదే అయితే కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. హెపారిన్ ఆపించి వేరే మందు పెట్టింది. ఖాయం చేసే పరీక్ష బయటికి పంపాం. జవాబుకు ఐదు రోజులు.

లెక్క పడుతూనే ఉంది. అరవై వేలు, నలభై వేలు. హెపారిన్ ఆపిన మూడో రోజు పొద్దున చీటీ పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. దర్జీ ఆవిడ కూతురు తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఈపాటికి పడటమైనా ఆగాలి కదా," అంది డాక్టరమ్మ. "హెపారిన్ కాదేమో, ఇన్ఫెక్షనేమో. ఈ కొత్త మందుకు చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. పాత మందుకే వెళ్దాం."

వదిన మంచం పక్కన గొట్టం కడుగుతోంది. మూసుకుపోకుండా ఆరు గంటలకోసారి సిరంజితో కాసిని నీళ్ళు లోపలికి తోస్తారు. ఆమె చెయ్యి సగంలో ఆగింది. సిరంజి తీసేసి, ట్రేలోని సీసా తిప్పి చూసింది.

"డాక్టరమ్మా, హెపారిన్ ఆగలేదు. నేనే ఇస్తున్నాను."

ఎవరికీ అర్థం కాలేదు.

"గొట్టం కడిగే ఉప్పునీళ్ళలో కలిపేది హెపారినేగా. చుక్కంతే కదాని మందుల కాగితం మీద ఎవరమూ రాయం. మందు ఆపమన్నారు, ఆపాను. ఇది మందనుకోలేదు. రోజుకి నాలుగుసార్లు, నా డ్యూటీలో నా చేత్తోనే..."

నోరు మూసుకుని సీసా మార్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నాకు ముందు తట్టిందదే, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. వదినకు తట్టనే లేదు. ఇరవై ఆరేళ్ళ పేరును అందరి ముందూ కింద పెట్టేసింది. ఈ మనిషితోనా నేను రోజూ చారు గిన్నె కోసం పోట్లాడేది అనిపించింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఆ సీసాలన్నీ తీసెయ్యండి. ఒట్టి ఉప్పునీళ్ళే," అంది.

మర్నాడు లెక్క నలభై దగ్గరే నిలిచింది. ఆ మర్నాడు యాభై ఐదు. సాయంత్రానికి పరీక్ష జవాబూ వచ్చింది: హెపారినే. ఇంకో రెండు రోజులకు స్లైడు నిండా ప్లేట్‌లెట్ల ఊదా చుక్కలు. చుక్కంత మందు మనిషిని అంత దూరం ఈడ్చుకుపోవడమేమిటి, అది ఆగగానే ఒళ్ళు తనంతట తానే వెనక్కి తిరగడమేమిటి! మైక్రోస్కోప్ నాకు కొత్త కాదు, అయినా కన్ను తీయబుద్ధి కాలేదు.

దర్జీ ఆవిడ మామూలు వార్డుకు మారే రోజున, ఉప్పునీళ్ళతో కడుగుతున్న ఆ గొట్టం మూసుకుపోయింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిది. కూతురు కంగారుపడింది.

వదిన దాన్ని మెల్లగా లాగేసి దూది అదిమిపట్టింది. "పోతే పోనీ తల్లీ, మీ అమ్మ ఉందిగా."

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె నోరెత్తలేదు. ఆమె గొప్ప మా అన్నయ్యకు నేనే వడ్డించాను.