మిర్చి బస్తాల మధ్య మంచు దేశం

నా చిన్నప్పుడు, గుంటూరులో మా పక్కింటి అక్క పిల్లల పత్రికలకు దూరదేశాల కథలు రాసేది. రాసిన ప్రతి కథా మొదట నాకే చదివి వినిపించేది. ఆ వేసవిలో రాసిన కథలో ఒక మంచు దేశపు పిల్ల చలికాలమంతా ఇల్లు కదలదు. నేను పగలబడి నవ్వాను. స్వెట్టర్ వేసుకుని బయట ఆడుకోవచ్చు కదా, అది ఉత్త బద్ధకపు పిల్ల అనేశాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. జీవితంలో స్వెట్టర్ తొడిగిన పాపాన పోలేదు.

చలంటే ఏమిటో చూపిస్తా రమ్మంది అక్క. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ నాన్నగారు గుమస్తాగా పనిచేసే కోల్డ్ స్టోరేజికి నన్ను తీసుకెళ్ళింది. బయట ఏప్రిల్ ఎండ. లోపల ఒకే ఒక బల్బు, పైకప్పు దాకా మిర్చి బస్తాలు, పళ్ళు టకటక కొట్టుకునే చలి. తలుపు వేసి, కాసేపాగి తీయమని హమాలీ బాబాయికి ముందే చెప్పి ఉంచిందట. ఆయన వేశాడు. ఇంతలో లారీ వచ్చిందని ఎవరో పిలిస్తే అటు వెళ్ళి మమ్మల్ని మరిచిపోయాడు.

మొదట కాసేపు మహారాణిలా తిరిగాను. తర్వాత ఇద్దరం తలుపు బాదాం. ఆ మందపాటి తలుపు మా చప్పుడంతా మింగేసింది. వణుకు నా మాటల్ని ముక్కలు చేస్తే, ఘాటు నా ముక్కును ఏరు చేసింది. ఇక్కడే ఉండిపోతామేమోనని ఏడుపొచ్చింది. అక్క తన చున్నీ నాకు చుట్టింది. 

"అక్కా, ఆ పిల్ల అన్నాళ్ళూ ఇంట్లో ఏం చేస్తుంది?"

"ఊహించి రాశానే, నాకేం తెలుసు? ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో చెప్పు."

"ఎవరైనా వస్తున్న చప్పుడు వినపడుతుందేమోనని చూస్తున్నా."

బాబాయికి గుర్తొచ్చి పరుగున వచ్చి తలుపు తీసేసరికి నా లెక్కలో ఒక యుగం, బయటి గోడ గడియారం లెక్కలో పావుగంట. అక్కవాళ్ళ నాన్నగారు మా ఇద్దరినీ కలిపి తిట్టారు. ఆ తిట్లు ఎంత వెచ్చగా ఉన్నాయో.

రెండు రోజులకు అక్క కథ మార్చి చదివింది. ఇప్పుడా పిల్ల తలుపుకు చెవి ఆనించి, మంచులో వెళ్ళిన నాన్న అడుగుల కోసం వింటోంది. నాకు నవ్వు రాలేదు. "వాళ్ళ నాన్న వచ్చాడా?" అని అడిగాను.

ఇప్పటికీ పరాయి దేశంవాళ్ళ అలవాటైనా, మా వీధి చివరి ఇంటివాళ్ళ ఆచారమైనా వింతగా తోస్తే వాళ్ళనే అడుగుతాను. అక్క అంతటిదే తెలియదని ఒప్పుకుంది, నాకేం నామోషీ?