తరుగుదల తీసేస్తే

కృపమ్మ వేటపాలెంలో జీడిగింజలు కొట్టి, ఆ కూలితోనే కూతురు నీరజను బీకాం చదివించింది. ఇప్పుడు నీరజ రోజూ బాపట్ల నుంచి రైల్లో వచ్చి, వేటపాలెంలోనే ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తోంది.

వచ్చే మూడు నెలల్లో చేతికొచ్చే డబ్బు ఎంతో, చెల్లించాల్సింది ఎంతో అంచనా వేసి యజమాని సుబ్బరామయ్యకు ఇచ్చింది. మూడు లక్షలు తక్కువ పడింది.

"కూలి డబ్బులు ఎక్కణ్ణుంచి తేనమ్మా? సగం మందిని ఆపేద్దాం," అంటూ ఆయన గింజలు కొట్టే షెడ్డులోకి వెళ్లాడు.

నీరజ కంగారుగా కాగితం మళ్లీ చూసింది. నిరుటి ఇవే నెలల ఖర్చులు ఎత్తి రాయడంలో యంత్రాల తరుగుదల నాలుగు లక్షలు కూడా దిగిపోయింది. చెబితే తన ఉద్యోగం పోవచ్చు. అయినా పరుగెత్తింది. ఆయన అప్పటికే ఆడవాళ్లను పిలిచి నిలబెట్టాడు.

"ఆగండి సార్! తప్పు నాదండి. తరుగుదల ఎవరికీ ఇచ్చే డబ్బు కాదండి. యంత్రం పాతబడుతుంది కదాని లాభంలోంచి తగ్గించే లెక్క, అంతే. అది తీసేస్తే మనకే లక్ష మిగులుతుందండి."

"మరి పాతది పోతే కొత్త బాయిలర్ కొనొద్దా?"

"డబ్బు కట్టే నెలలో రాస్తామండి. ఈ మూడు నెలల్లో కొనట్లేదు కదండి."

సుబ్బరామయ్య కాగితం లాక్కుని, పెదవులు కదుపుతూ కూడి చూసుకున్నాడు.

"పనిలోకి వెళ్లండమ్మా," అన్నాడు చివరికి. నీరజ వైపు తిరిగి, "ఇంకోసారి ఇట్లా జరిగితే నిన్నే ఆపేస్తా," అన్నాడు.

ఆమె తలూపింది. పరుగుకు పట్టిన చెమట తుడుచుకుంది. ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగమ్మాయ్," అంది.