దీవెన కొవ్వొత్తి

సిదొనీ దొరసాని భక్తంతా వేళ్లకంటిన సిరాలోనే ఉందని వంటమనిషి బాబెట్ అభిప్రాయం. పొద్దున్నే చర్చిలో పూజ నుంచి రాగానే దొరసాని బల్ల ముందు కూర్చుని, దేవుడితో ఏం మాట్లాడిందో డైరీలో రాస్తుంది. దానికే మరికొన్ని కన్నీళ్లు కలిపి పారిస్‌లోని తమ్ముడికి ఉత్తరం రాస్తుంది. మంచి వాక్యం పడితే పెదవులు చప్పరిస్తుంది. బాబెట్ కాచిన సూపుకి ఏనాడూ అలా చప్పరించలేదు.

ఓ మార్చి సాయంత్రం గొర్రెల కాపరి ఆంటొనెన్ వానలో తడిసి ముద్దయి వంటింటికి వచ్చాడు. "అమ్మ పోయేలా ఉందక్కా. దీవెన కొవ్వొత్తి ఇప్పించు." ఫిబ్రవరి పండక్కి చర్చిలో దీవించిన కొవ్వొత్తిని పోయేవాళ్ల చేతిలో వెలిగించి పెట్టాలి. మైనం కొనలేనివాళ్ల కోసం ఒకటి దొరసాని మేడలో దాస్తారు. బాబెట్ పైకి పరిగెత్తింది. రాతబల్ల మీద, ఇత్తడి దిమ్మెలో కరిగిన మైనం, నల్లటి వత్తి మాత్రమే మిగిలాయి.

"మామూలు దీపం దగ్గర రాస్తే మనసు నిలవడం లేదు," అంది దొరసాని తలెత్తకుండా. "ముసలామె కోసం ప్రార్థిస్తానని చెప్పు."

బాబెట్ దిగివచ్చి, వంటింట్లో వాడే మామూలు కొవ్వొత్తి ఆంటొనెన్ చేతిలో పెట్టింది. "అమ్మ అడిగితే దీవించిందేనని చెప్పు. ఆ పాపం నాకు చుట్టుకుంటే చుట్టుకోనీ."

మర్నాడు దొరసాని ఆ చావు గురించి రెండు పేజీలు రాసి, ఏడుస్తూ బాబెట్‌కి చదివి వినిపించింది. అందులో ముసలామె చేతిలో దీవెన కొవ్వొత్తి నిశ్చలంగా వెలుగుతోంది.